మీ ప్రొఫైల్ చాలా బాగుంది మేడమ్!

రెజ్యూమెలో ముందుగా ఎగిరిపోయేది డిగ్రీ పాసైన సంవత్సరం. ‘బీటెక్, 1995’ ఉన్నచోట ఒట్టి ‘బీటెక్’ మిగులుతుంది. తర్వాత మొదటి రెండు ఉద్యోగాలు పోతాయి. ‘ఇరవై ఏడేళ్ల అనుభవం’ కాస్తా ‘పదిహేనేళ్లకు పైబడిన అనుభవం’ అవుతుంది. అబద్ధమేమీ కాదు, ఇరవై ఏడు పదిహేనుకు పైనే కదా! ఫొటో ఉంటే తీసేస్తారు. పాత ఈమెయిల్ ఐడీ చూస్తే తరం తెలిసిపోతుందని కొత్తది తెరుస్తారు. ఇంత చేశాక కంపెనీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపబోతే పుట్టిన తేదీ గడి ఎదురొస్తుంది. పక్కనే ఎర్ర చుక్క. అది నింపందే తర్వాతి పేజీ తెరుచుకోదు.

నలభై అయిదు దాటాక ఉద్యోగం వెతుక్కుంటున్న ఆడవాళ్లకు ఈ కత్తిరింపుల విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకే కాదు, ప్రైవేటు బ్యాంకులో బ్రాంచి నడిపినావిడకూ, ఫార్మా కంపెనీ క్వాలిటీ విభాగంలో ఇరవై ఏళ్లు సంతకాలు పెట్టినావిడకూ, కార్పొరేట్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినావిడకూ తెలిసిందే. పదోన్నతి కోసం ఇన్నాళ్లూ ఒక్కో ఏడూ కూడబెట్టుకుంటూ వచ్చినవాళ్లు ఇప్పుడు అవే ఏళ్లను ఒక్కొక్కటిగా దాచిపెడుతున్నారు.

మా పెద్దమ్మ కూతురికి యాభై ఒకటి. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ చదివింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరి, మేనేజరు దాకా ఎదిగింది. ‘రీస్ట్రక్చరింగ్’ పేరుతో కంపెనీ ఆమె విభాగాన్ని ఎత్తేసింది. ఓ సాయంత్రం నేను వాళ్లింట్లో ఉండగా ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోనొచ్చింది. స్పీకర్ ఆన్ చేసింది.

“మేడమ్, మీ ప్రొఫైల్ చాలా బాగుంది. కాకపోతే ఈ రోల్‌కి మీరు కొంచెం ఓవర్ క్వాలిఫైడ్ అవుతారేమోనని...”

“పర్వాలేదండీ. టీమ్ లేకపోయినా సరే, నేనే కూర్చుని టెస్టింగ్ చేస్తాను.”

“అది కాదు మేడమ్. టీమంతా యంగ్. మేనేజర్ కూడా మీకన్నా బాగా చిన్నాయన. మీకేమైనా ఇబ్బందిగా ఉంటుందేమో అని అడుగుతున్నా.”

“నాకేం ఇబ్బంది లేదు. ఆయనకేమైనా ఉందేమో కనుక్కోండి.”

అవతల కాసేపు చప్పుడు లేదు. “సరే మేడమ్, మళ్లీ చెప్తాను.”

ఫోను బల్లమీద పడేసి అక్క అంది: “చూశావుటే, ‘వయసు’ అని ఒక్కసారైనా నోరు జారాడా?”

నిజమే, జారడు. ఈ వ్యవహారంలో ఎవరూ ఆ ముక్క అనరు. ఓవర్ క్వాలిఫైడ్, కల్చర్ ఫిట్, డైనమిక్ టీమ్, బడ్జెట్ సరిపోలేదు, ఫ్రెష్ థింకింగ్ కావాలి... ఇలా తలా ఒక మాట. ‘మీకు వయసైపోయింది’ అని మొహమ్మీద అంటే కనీసం జవాబు చెప్పొచ్చు. అననిదానికి ఏమని చెబుతాం?

ఆ కుర్రాణ్ని తిట్టుకుని లాభం లేదు. అతనికి కమీషన్ వచ్చేది మనిషి చేరాక, చేరి కొన్నాళ్లు నిలిచాక. క్లయింట్ వద్దంటారని తోస్తే ఆ పేరు పైకి పంపడమే దండగ. అసలు చాలామంది పేర్లు అతని దాకా కూడా రావు. జాబ్ పోర్టల్‌లో రిక్రూటర్ వెతికేది అనుభవం గీతలు గీసుకుని: ఎనిమిది నుంచి పన్నెండేళ్లు, పన్నెండు నుంచి పదిహేనేళ్లు. ఇరవై ఏడేళ్లు అని రాసుకున్నామె ఆ వలలో పడదు. కాదన్నవాళ్లెవరూ లేకుండానే కాదనిపించుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

మొదటి తరం

ఈ ఆడవాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారో ఒకసారి గుర్తుచేసుకోవాలి. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వెలిసింది 1983లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఉద్యోగాల్లో స్త్రీలకు 30 శాతం కేటాయిస్తూ నిబంధన తెచ్చింది 1984లో. అది చెల్లుతుందని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. ఎంసెట్ మొదలైంది 1986లో. ఇంజినీరింగ్ సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకు దక్కేది. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి ఆ సీట్లలో చదువుకున్న అమ్మాయిలు ఉద్యోగాలకు సిద్ధంగా ఉన్నారు.

వాళ్ల అమ్మల్లో ఉద్యోగం చేసినవాళ్లు ఎక్కువగా టీచర్లు, నర్సులు, ప్రభుత్వ ఆఫీసుల్లో గుమాస్తాలు. చేరిన రోజే దిగే రోజూ తెలుసు, ఆ పైన పింఛనూ ఉంది. ప్రైవేటు ఉద్యోగంలో యాభై దాటిన ఆడమనిషి ఎలా ఉంటుందో మాత్రం ఈ పిల్లలకు చూపించినవాళ్లు లేరు. తెలుగునాట ఆ వయసుకు పెద్ద సంఖ్యలో చేరుకుంటున్న మొదటి బ్యాచ్ వీళ్లే. దారి వీళ్లే వేసుకోవాలి.

ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లుంటారు. పెద్దామె జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆంధ్రలో అయితే 2022 నుంచి పదవీ విరమణ వయసు 62. తెలంగాణలో 2021 నుంచి 61. యాభయ్యో ఏట ఆమెకు ఇంకా పదకొండు పన్నెండేళ్ల సర్వీసుంది, హెడ్‌మిస్ట్రెస్ కావాలన్న ఆశ ఉంది. చిన్నామె ప్రైవేటు కంపెనీలో ఫైనాన్స్ మేనేజరు. అదే యాభైకి ఆమె ‘మరీ సీనియర్’. తోడికోడళ్ల మెదళ్లలో తేడా ఏమీ రాలేదు. పెద్దామె వయసును ఒక జీవో కాపాడుతోంది.

అలాగని ప్రభుత్వం తలుపు బార్లా తెరిచిందనుకునేరు. ఇప్పటికే లోపలున్నవాళ్లకే ఆ నీడ. బయటినుంచి వచ్చేవాళ్లకు బ్యాంకు పీవో పరీక్షకు సాధారణ గరిష్ఠ వయసు 30. గ్రూప్-1కు తెలంగాణ 2024లో 46 దాకా పెంచింది, అది ఎంతో ఉదారం. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి కొలువుల్లో భర్త పోయిన, విడాకులు తీసుకున్న, మళ్లీ పెళ్లి చేసుకోని ఆడవాళ్లకు సడలింపు ఉంది: 35 ఏళ్ల వరకు, ఎస్సీ ఎస్టీలకైతే 40 వరకు. ముప్పై ఆరో ఏట మొగుడు పోతే ఆ కష్టం రూలుకు కనబడదన్నమాట.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది?

ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడా మగా తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది. వయసు సంగతి మాత్రం ప్రైవేటు యజమానులకు వదిలేశారు. రాజ్యాంగం 15వ అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఉన్నాయి, వయసు లేదు.

ఆడా మగా తేడా, వయసు రెండూ కలిసినచోట ఏమవుతుందో 1981లోనే చూశాం. ఎయిరిండియా ఎయిర్ హోస్టెస్ నర్గేష్ మీర్జా సుప్రీంకోర్టుకెక్కారు. ఆడవాళ్లకు 35 నిండినా, చేరిన నాలుగేళ్లలో పెళ్లయినా, మొదటిసారి నెల తప్పినా, ఏది ముందైతే దానికి ఉద్యోగం పోయేది. అదే విమానంలో పనిచేసే మగ సిబ్బందికి 58 దాకా ఢోకా లేదు. గర్భం నిబంధనను కోర్టు కొట్టేసింది. 35 దాటాక కొనసాగించాలా వద్దా అన్నది మేనేజింగ్ డైరెక్టర్ ఇష్టానికి వదలడమూ చెల్లదంది. కానీ ఆడవాళ్లకో వయసు, మగవాళ్లకో వయసు పెట్టడం మాత్రం వివక్ష కాదంది. ఇద్దరివీ వేర్వేరు కేడర్లట! ఆ తీర్పులో గర్భం గురించిన పేజీలనే అందరూ తలుచుకుంటారు. వయసు గురించిన పేజీలు ఇప్పటికీ నడుస్తున్నాయని నా అనుమానం.

అమెరికాలో 1967 నుంచే నలభై దాటినవాళ్లకు రక్షణ చట్టం ఉంది. అయినా అక్కడ ముగ్గురు ఆర్థికవేత్తలు, డేవిడ్ న్యూమార్క్, ఇయాన్ బర్న్, ప్యాట్రిక్ బటన్, వయసు ఒక్కటే మార్చి మిగతావి ఒకేలా ఉన్న నకిలీ రెజ్యూమెలతో నలభై వేలకు పైగా దరఖాస్తులు పంపి చూశారు. 2019లో అచ్చయిన ఆ పరిశోధనలో, ఆఫీసు అసిస్టెంట్ ఉద్యోగాలకు 60ల నడిమి స్త్రీలకు వచ్చిన పిలుపులు, 30 ఏళ్ల వాళ్లకు వచ్చినవాటికంటే 47 శాతం తక్కువ. వయసు మీదపడ్డ మగవాళ్లకూ దెబ్బ తగిలింది గానీ, ఆడవాళ్ల విషయంలో దొరికినంత గట్టి రుజువు వాళ్ల విషయంలో దొరకలేదు. చట్టం ఉన్నా ఇలాగే ఉంటుందని దీన్నిబట్టి తేల్చేయకూడదు. చట్టం ఉంది కాబట్టే అక్కడ కొలవాలన్న ఆలోచన వచ్చింది.

ఆ దేశంలో మన ఆడపడుచుల కథ ఇంకో రకం. హెచ్1బీ మీద వెళ్లిన భర్త వెంట హెచ్4 వీసాతో వెళ్లినవాళ్లకు, గ్రీన్‌కార్డు దరఖాస్తు ఓ దశకు చేరితే పనిచేసుకునే అనుమతి వచ్చింది 2015 మేలో. ఎంసీఏ చదివి 2003లో విమానమెక్కినామె అప్పటికి పన్నెండేళ్లు ఇంట్లోనే ఉంది. అనుమతి కాగితం చేతికొచ్చేసరికి నలభై దగ్గరపడింది. ఆ పన్నెండేళ్ల ఖాళీకి కారణం వీసా అని ఇంటర్వ్యూలో చెబితే అర్థం చేసుకునేవాళ్లు కొందరే.

పీఎఫ్ పాస్‌బుక్ చెప్పే కథ

ఉద్యోగం పోయాక ఆడవాళ్లు మొదట తెరిచేది జాబ్ పోర్టల్ కాదు, పీఎఫ్ ఖాతా. అక్కడ ఒక పాత లెక్క బయటపడుతుంది. 1952 నాటి పీఎఫ్ స్కీములో ఒక చిన్న వెసులుబాటు ఉండేది. ఉద్యోగం మానేసినవాళ్లు డబ్బు తీసుకోవాలంటే రెండు నెలలు ఆగాల్సి వచ్చేది. పెళ్లి చేసుకోవడానికి రాజీనామా చేసే స్త్రీకి మాత్రం ఆ ఆగుడు ఉండేది కాదు. ఎంత మర్యాదో చూడండి! పాతికేళ్ల కిందట వేలమంది అమ్మాయిలు అలాగే డబ్బు తీసేసుకున్నారు. బంగారమో, ఫర్నిచరో కొన్నారు. పింఛను పథకంలో జమపడ్డ సర్వీసు కూడా దాంతోపాటే తుడిచిపెట్టుకుపోయింది.

ఆ పథకంలో పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. 2014 సెప్టెంబరు 1 తర్వాత నెలకు 15,000 రూపాయలకు మించిన జీతంతో కొత్తగా చేరేవాళ్లకు ఆ పథకంలోనే చోటు లేదు. పెళ్లికి ముందు ఆరేళ్లు, పిల్లలు పెద్దయ్యాక పదేళ్లు చేసినామె పదహారేళ్లు పనిచేసీ పింఛను లేకుండా మిగిలే అవకాశం ఇలా వస్తుంది. పదేళ్లు నిండకుండా మానేయాల్సి వస్తే డబ్బు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడిగి తీసుకోవచ్చు, సర్వీసు చెక్కుచెదరదు. ఈ సంగతి మీ ఇంట్లో ముప్పై ఏళ్ల అమ్మాయికి ఇవాళే చెప్పండి.

యాభైలో ఉద్యోగం ఎందుకు, పిల్లలు సెటిలయ్యారు కదా అని అడిగే పెద్దమనుషులకు కూడా ఇదే జవాబు. ఆమె కాలక్షేపానికి రావడం లేదు. ఇంకా ముప్పై ఏళ్లు తిని బతకాలి.

రెండో విరామం

విరామం తీసుకున్న ఆడవాళ్లను వెనక్కి పిలిచే కార్యక్రమాలు కంపెనీలకు లేకపోలేదు. మన దేశంలో టాటా గ్రూపు 2008లోనే అలాంటిదొకటి పెట్టింది. తర్వాత పెద్ద ఐటీ కంపెనీలు దాదాపు అన్నీ తలో పేరుతో మొదలెట్టాయి. ఉద్యోగంలో ఎడం వచ్చిన స్త్రీ శాస్త్రవేత్తలకు కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఇరవై ఏళ్లకు పైగా ఫెలోషిప్పులు ఇస్తోంది. వీటివల్ల నిజంగా బాగుపడ్డవాళ్లున్నారు, కాదనను. కానీ ఆ ప్రకటనల్లో బొమ్మ చూడండి: చంకలో బిడ్డ, ఒళ్లో ల్యాప్‌టాప్. వాళ్ల మనసులో ఉన్న స్త్రీకి ముప్పై నాలుగేళ్లు. విరామమంటే ప్రసవం, పిల్లల పెంపకం.

యాభై ఏళ్లావిడ కథ ఆ చట్రంలో ఇమడదు. చాలామంది పిల్లల కోసం ఆగనే లేదు. అమ్మ దగ్గర వదిలేసి నైట్ షిఫ్టులు చేశారు. నలభై ఏడో ఏట ఆగాల్సి వచ్చింది. అత్తగారి తుంటి ఎముక విరిగిందనో, నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్ అనో. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటి చాకిరీ చేసేవాళ్లలో స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే పురుషులు 88 నిమిషాలు పెడుతున్నారు. పిల్లలు ఎదిగితే ఆ లెక్క తిరగబడుతుందని ఎవరైనా అనుకుంటే వాళ్లింట్లో ముసలివాళ్లు లేరనే అర్థం. ‘అమ్మను చూసుకోవడానికి ఏడాదిన్నర ఆగాను’ అని ఇంటర్వ్యూలో చెబితే, ‘మరి ఇప్పుడు అమ్మగారు ఎలా ఉన్నారు?’ అని అడుగుతారు. పరామర్శ అనుకోకండి. పోయారంటే ఉద్యోగానికి అడ్డు లేనట్టు.

విరామమే లేకుండా పనిచేసి, ఉద్వాసనకు గురైనామె పరిస్థితి మరీ చిత్రం. వెనక్కి పిలిచే పథకాల్లో ఏడాదో, రెండేళ్లో ఖాళీ ఉంటేనే అర్హత అని తరచూ రాస్తారు. ఉద్యోగం పోయి ఆరు నెలలైనామె అటు పథకానికీ పనికిరాదు, ఇటు పోర్టల్ వలలోనూ పడదు.

ఏం చేస్తుంది? హైదరాబాద్‌లోని అమీర్‌పేట వెళుతుంది. మైత్రీవనం చుట్టుపక్కల గోడలనిండా కోర్సుల పేర్లే. డెమో క్లాసు ఫ్రీ. మూడో అంతస్తు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో నిన్నగాక మొన్న బీటెక్ పాసైన పిల్లలు. అక్క వెళ్లి రెండో వరసలో కూర్చుంటే పక్క కుర్రాడు లేచి నిలబడ్డాడట, కొత్త ఫ్యాకల్టీ అనుకుని! నాలుగో రోజుకు వాళ్లే “మేడమ్, ఈ ఎర్రర్ ఎందుకొస్తోంది?” అని ల్యాప్‌టాప్‌లు ఆమె వైపు తిప్పడం మొదలెట్టారు. టూలు ఆమెకూ కొత్తదే. కానీ తప్పు ఎక్కడ దాక్కుంటుందో పసిగట్టడం ఇరవై ఏళ్ల పాత విద్య. ఆ గదిలో పది నిమిషాల్లో తేలిపోయిన విషయం ఇంటర్వ్యూ గదుల్లో ఎందుకు తేలదో నాకు అర్థం కాదు. అక్కకు చివరికి దొరికింది థర్డ్ పార్టీ పేరోల్ మీద ఆరు నెలల కాంట్రాక్టు, పాత జీతంలో సగానికి కాస్త పైన. అదీ ఏ పోర్టల్ పుణ్యమూ కాదు. ఎప్పుడో ఆమె కింద ట్రెయినీగా చేరిన అమ్మాయి ఇప్పుడు డైరెక్టరు, ఆమె రిఫర్ చేసింది. యాభై దాటినవాళ్లకు పాత జూనియర్లే పెద్ద దిక్కని ఎందరిని అడిగినా చెబుతున్నారు.

తెల్లజుట్టు ఎక్కడ కావాలి?

వయసు అడ్డురాని చోట్లు లేకపోలేదు. యూజీసీ నెట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు గరిష్ఠ వయోపరిమితి లేదు. నలభై అయిదు దాటితే లాయరుగా నమోదు చేయబోమని బార్ కౌన్సిల్ పెట్టిన నిబంధనను సుప్రీంకోర్టు 1995లోనే కొట్టేసింది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి యాభై మూడో ఏట నల్లకోటు వేసుకోవడానికి ఏ అడ్డూ లేదు. జూనియర్‌గా తొలి ఏళ్లలో చేతికి ఏమీ రాదన్నది వేరే సంగతి. ఇంట్లో ఇంకో జీతం ఉన్నవాళ్లకే ఆ దారి.

అన్నిటికన్నా ఆలోచించదగ్గది ఇంకోటుంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం, పదిమంది, అంతకు పైన సిబ్బంది ఉన్న ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. దాని అధ్యక్షురాలు ఉన్నత స్థాయి ఉద్యోగిని అయ్యుండాలి. కమిటీలో బయటి సభ్యులొకరు ఉండి తీరాలి. అదే ఏడు వచ్చిన కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీలన్నిటిలోనూ బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలంది. సెబీ ఇంకో అడుగు వేసి, 2020 ఏప్రిల్ నాటికి అగ్రశ్రేణి వెయ్యి కంపెనీల్లో ఒక మహిళా స్వతంత్ర డైరెక్టర్ ఉండాలని గడువు పెట్టింది.

ఏమైంది? దొరికారు. అంతకుముందు ‘అర్హులైన స్త్రీలు లేరండీ’ అన్న బోర్డులకే రిటైరైన బ్యాంకర్లు, ఐఏఎస్‌లు, చార్టర్డ్ అకౌంటెంట్లు దొరికారు. కొన్నిచోట్ల ప్రమోటర్ల భార్యలూ కూతుళ్లూ వచ్చి కూర్చున్న మాట నిజమే, సెబీ ‘స్వతంత్ర’ అన్నది అందుకే. హెచ్ఆర్‌లో పనిచేసి దిగిపోయిన ఆడవాళ్లు కొందరు ఇప్పుడు బయటి సభ్యులుగా, శిక్షకులుగా కంపెనీ కంపెనీకీ తిరుగుతున్నారు. అక్కడ వాళ్ల తల నెరిసిందని ఎవరూ వంక పెట్టరు. ఇరవై ఆరేళ్ల అమ్మాయి ఏడుస్తూ ఫిర్యాదు చెబుతుంటే ఎదురుగా అలాంటి మనిషే ఉండాలి.

నలభై అయిదు దాటిన ఆడవాళ్లను ఒక్కొక్కరినే సాగనంపిన కంపెనీకి తర్వాత ఈ కమిటీ అధ్యక్షురాలు కరువవుతుంది. నాకు తెలిసిన ఒక మధ్యతరహా సంస్థలో సరిగ్గా ఇదే జరిగింది. ఉన్నత స్థాయిలో ఒక్క ఆడమనిషీ మిగల్లేదు. వేరే ఊరి బ్రాంచి నుంచి ఒకామెను కమిటీకి అధ్యక్షురాలిగా తెచ్చుకున్నారు. ఆ వారమే అదే సంస్థ వెబ్‌సైట్‌లో సీనియర్ మేనేజర్ పోస్టుకు ప్రకటన పడింది. అనుభవం: ఎనిమిది నుంచి పన్నెండేళ్లు.